మెరిసీ మెరిసీ మాయమైన బండి

“ఒట్టేసి చెప్తున్నా, మీరు నమ్మరు. నమ్మకపోయినా నాకేం ఫర్లేదు, టీ తాగుతూ వినండి,” అన్నాడు తళతళ బాబాయ్, బల్ల మీద ముందుకి జరుగుతూ.

ఊరికే జరగలేదు. పోస్టుమాన్ వాళ్ళ మావగారి మోటార్ సైకిల్ తోసుకుంటూ వచ్చి టీ కొట్టు ముందు స్టాండేశాడు. సీటు మీద చెయ్యేసుకుని ఆ మావగారు, పాత లేతు మేస్త్రి, వెనకాలే నడిచొచ్చాడు. ఒక కంటికి ఆపరేషన్ కట్టు, రెండో కన్ను ఎప్పట్నుంచో మసకే. ఎల్లుండి కట్టు విప్పగానే ముందు తన ముప్ఫై ఏళ్ళ బండినే చూస్తానని ముసలాయన పట్టు పట్టాడు. బండేమో ఇంజినంతా తెల్లగా బూజు పట్టి, సైలెన్సర్ మసకేసి, చూడ్డానికి ఏడుపొచ్చేట్టుంది. వీధి చివర కరెంటు పాలిష్ మిషను పెట్టిన కొత్త షాపుంది, అక్కడికే తీసుకుపోతున్నారు. మధ్యలో టీకి ఆగారు.

అంటే ఆ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు బండి బాబాయ్ చేతికి రావాలి. చేత్తో పాలిష్ పట్టేవాడు ఆ వీధిలో తనొక్కడే మిగిలాడు మరి. మిషను వచ్చాక మూడు నెలల్లో ఆయన గుమ్మం తొక్కినవి రెండు స్కూటర్లూ, ఒక ప్రెషర్ కుక్కరూ.

“సరిగ్గా ఇలాంటి బండే,” అన్నాడు బాబాయ్. “ఇంతకన్నా అధ్వాన్నం. ఇంజిన్ కవర్‌కి వాటర్ పేపర్, అదే ఉప్పు కాగితం, తడిపి పెట్టా, గరుకుది, తర్వాత మెత్తంది, తర్వాత ఇంకా మెత్తంది, ఆ పైన పేస్టు రాసి పాత బనీను గుడ్డతో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా రుద్దా. నా మొహం కనపడింది. ఇందులో వింతేం లేదు, ఎవడు రుద్దినా కనపడుద్ది. ఇంకో గంట రుద్దా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది బాబాయ్?” అంది కొట్టు నడిపే టీ అక్క.

“ముడతల్లేకుండా కనపడింది! మా ఆవిడ వచ్చి తొంగి చూసి, ‘ఈ కుర్రాడెవరండీ బాగున్నాడు’ అంది. అప్పుడే ఓ పిచ్చుక వచ్చి అందులో తన నీడ చూసుకుని పొడవడం మొదలెట్టింది. పొడిచింది, పొడిచింది, లోపలి పిచ్చుకకి ఒళ్ళు మండి బయటికొచ్చేసింది! రెండూ కొట్టుకుంటూ మా మిద్దె మీదికి పోయాయి. ఇప్పటికీ అక్కడే కాపురం.”

పోస్టుమాన్ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. అదే కావాలి బాబాయ్‌కి.

“అప్పుడు సైలెన్సర్ పట్టుకున్నా అల్లుడూ. అటునించి లారీ వస్తోంది. డ్రైవర్‌కి ఎదురుగా ఇంకో లారీ కనపడింది, దాన్ని తోలేవాడు తనలాగే మీసం పెట్టుకున్నాడు. వీడు హారన్ కొట్టాడు, వాడూ కొట్టాడు. వీడు తిట్టాడు, వాడూ తిట్టాడు. ఆఖరికి వీడే దణ్ణం పెట్టి నాలుగు మైళ్ళు రివర్స్‌లో పోయాడు!”

“నాలుగు మైళ్ళే!” అంది టీ అక్క. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి, చూసుకోలేదు.

“అప్పుడే ఏం చూశావ్ తల్లీ! హెడ్‌లైట్ రింగు తుడిచేసరికి సాయంత్రం అవ్వాలా, అవదే! మధ్యాహ్నం తాగిన ఎండని ఆ బండి కక్కుతోంది. సూర్యుడు కొండ వెనక్కి పోయాడు గాని మా వీధిలో పొద్దు పోలేదు. కోళ్ళు గూట్లోకి పోవాలో వద్దో తెలీక గుమ్మంలో నించున్నాయి. నేను ఆపానా? ఆపలా. మడ్‌గార్డు, హ్యాండిలు, చివరి నట్టు దాకా రుద్దా. చివరి తుడుపు తుడిచి చూద్దును కదా...”

“ఊఁ?” పోస్టుమాన్ నోరు తెరుచుకునే ఉంది.

“బండి లేదు!”

“ఎత్తుకుపోయారా?”

“ఎక్కడికీ పోలేదురా అల్లుడూ, అక్కడే ఉంది. అంత మెరిస్తే ఇంక బండేం కనపడుద్ది? వెనక గోడ, కింద రోడ్డు, పైన ఆకాశం, అవే కనపడుతున్నాయి. ఓనరొచ్చి బండేదీ అన్నాడు. ఇదిగో అన్నా. ఏదీ అంటూ ఓ అడుగేశాడు, మోకాలు చిప్ప పగిలింది!”

పోస్టుమాన్ తన మావగారి బండి వంక ఒకసారి, బాబాయ్ వేళ్ళ వంక ఒకసారి చూశాడు. “మావయ్యా, ఈయనకే ఇద్దామా?” అన్నాడు గుసగుసగా.

బాబాయ్ గుండె ఉప్పొంగింది.

“సైలెన్సర్ క్రోమ్‌కి కూడా కాగితమే పెట్టావా నాయనా?” మేస్త్రి మొదటిసారి నోరు విప్పాడు.

“పెట్టకపోతే మెరుపెలా వస్తుంది మేస్త్రీ! సైలెన్సర్‌కి మూడు రకాలూ పెట్టా.”

“ఇంజిన్ కవర్ అల్యూమినియం, లోపలిదాకా ఒకటే లోహం, ఎంత గీకినా అదే. క్రోమ్ అలా కాదు, పైపూత. ఉల్లిపొర కన్నా పల్చన. కాగితం పెడితే పూత లేచిపోయి కింద పసుపు రంగు బయటపడుద్ది, మర్నాటికి తుప్పు. మరి నువ్వు ఆ బండిని పాడన్నా చేసుండాలి, లేదా మాకు కోతలన్నా కోస్తుండాలి. రెండిట్లో ఏదో తేల్చు. నా బండి నీకివ్వాలా వద్దా తెలియాలి.”

టీ అక్క కిసుక్కుమంది. ఇన్నేళ్ళలో బాబాయ్‌ని కోతలరాయుడని వంద మంది అన్నారు, నవ్వి ఊరుకున్నాడు. పని రాదని మాత్రం ఒక్కడు అనలేదు.

“కోతే మేస్త్రీ,” అన్నాడు, తలొంచుకుని. “నా జన్మలో క్రోమ్‌కి కాగితం తాకించలా. మెత్తటి గుడ్డ, రవ్వంత పేస్టు, వేలి కొస, అంతే. మాట జోరులో నోరు జారింది.”

మేస్త్రి గ్లాసులో మిగిలిన గుక్క తాగి, తడుముకుంటూ బల్ల మీద పెట్టాడు.

“స్టాండ్ తియ్యి అల్లుడూ. పని తెలిసినవాడే. బాబాయ్ వాళ్ళ గుమ్మంలో పెట్టు.”

పోస్టుమాన్ స్టాండ్ తీసి హ్యాండిల్ అందించగానే బాబాయ్ ఛాతీ మళ్ళీ రెండంగుళాలు లేచింది. నాలుగడుగులు తోసి టీ అక్క వైపు తిరిగాడు.

“ఏంటమ్మాయ్ ఆ నవ్వు? కాగితం మాట ఒక్కటే అబద్ధం. పిచ్చుక నిజం, లారీ నిజం, మాయమైపోయిన బండి అక్షరాలా నిజం. కాదంటావా? అయితే ఆ బండి నీకెక్కడన్నా కనపడితే తెచ్చి చూపించు, చూద్దాం!”