పదిసార్లు అడిగిన మాట

సికింద్రాబాద్‌లో ఓ ఆసుపత్రి. స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసిన డాక్టరమ్మ, బెంచీ మీద కూర్చున్న ఆమె వైపు తిరిగింది.

"మీ ఆయన ఎప్పుడు పడ్డారమ్మా?"

"పొద్దుగాల ఎనిమిదింటికి మేడమ్. మోండా మార్కెట్ల కాలు జారిండు. తలకు చిన్న బొప్పి, అంతే. నడుసుకుంటనే ఇంటికొచ్చిండు."

"వచ్చాక?"

"అడిగిందే అడుగుడు షురూ చేసిండు. 'టమాటలు తెచ్చిన్నా?' అని పదిసార్లు. సంచి చేతిలనే ఉంది."

"అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తమాషా చేస్తుండనుకున్నం. ఎప్పుడూ గట్లనే నవ్విస్తడు. వీడియో తీసి చుట్టాల గ్రూపుల పెట్టిన. తర్వాత పండుకున్నడు. మధ్యాహ్నం లేపితే లేవలే."

"తమాషా కాదమ్మా, తలలో దెబ్బ మాట్లాడిన మాట అది. అప్పటి నుంచీ మెదడులో రక్తం కారుతూనే ఉంది. పొద్దున్నే తెచ్చుంటే ఆపరేషన్ చేసేవాళ్లం."

"మరి ఇప్పుడు?"

"మీవాళ్లను పిలిపించుకోండి."

ఆమె చేతిలో ఫోను టింగుమంది. చూసి, ఫోనును ఒళ్లో బోర్లించింది.

"ఎవరమ్మా?"

"మా ఆడబిడ్డ. వీడియో ఇప్పుడే చూసినట్టుంది. పగలబడి నవ్వే బొమ్మలు పెట్టి, 'అన్నతోని ఇంకోసారి అనిపియ్యి వదినా' అని రాసింది."