తప్పులమ్మ

ఏమే, పొద్దుట్నించి ఆ అట్టలు కత్తిరిస్తూనే ఉన్నావు, ఏంటవి? పిల్లి, చెట్టు, ఇల్లు... బాగున్నాయిలే. పిల్లల బడిలో ఉద్యోగమంటే నీకు రంగు కుర్చీలూ, జారుడుబల్లా అన్నీ ఇచ్చారా? ఇవ్వనీ, మంచిదే. మా వాడలో పిల్లల బడికిచ్చింది పాత సిమెంటు గోడౌను. ఒక్కటే కిటికీ, అదీ మురిక్కాలువ మీదకి. గోడలు చెమ్మెక్కి పెచ్చులూడేవి. ఆటవస్తువులంటే నాలుగు గ్లాసులు, ఓ పాత బకెట్టు. నవ్వకు, మీ అమ్మ అక్కడే చదివింది. చదివిందంటే... ఆగు, తప్పులమ్మ సంగతి నీకు చెప్పలేదు కదూ?

అక్కడి టీచరమ్మకి మేం పెట్టిన పేరది. ఏం చేసినా తప్పే మరి. బోర్లించిన గ్లాసులో నీళ్ళు పోసేది. పిల్లిని చూసి "అబ్బ, ఎంత మంచి కుక్కో" అనేది. పిల్లలు పడీపడీ నవ్వి "కాదు టీచర్, కాదు!" అని కప్పు లేచిపోయేలా అరిచేవాళ్ళు. మాకేమో ఒళ్ళు మండేది. సీసాలు కడిగే ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడే ఆవిడైతే, "దీనికే ఏమీ రాదు, మన పిల్లలకేం నేర్పుతుందే?" అని రోజూ సణుగుడే. నేనూ ఊకొట్టేదాన్ని.

మీ అమ్మకి అప్పటికి నాలుగేళ్ళు నిండాయి, ఒక్క మాట లేదు. ఇప్పుడంటే ఆ నోటికి తాళం వెయ్యగలవాడు పుట్టలేదనుకో! చెవులు బాగానే వినపడేవి, పిలిస్తే వచ్చేది, మాటే లేదు. ఎలా వస్తుంది? నేనూ మీ తాతా తెల్లారకముందే పనికి పోయేవాళ్ళం. బడిలో వెయ్యకముందు దానికి తోడు మా అత్త ఒక్కతే, ఆవిడకా పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పొద్దుపుచ్చేవాళ్ళు. "ఇది మూగదే, ఎక్కడో మూగపిల్లల హాస్టలుందట, వేసేద్దాం" అని మీ తాత పట్టుబట్టాడు. వచ్చే నెల పంపడానికి మాటయిపోయింది కూడా. నాకు తిండి సయించేది కాదు.

పోయి టీచరమ్మకి చెప్పుకుని ఏడ్చాను. ఓదార్చిందా? అబ్బే. మర్నాడు నేను గుమ్మంలోకి రాగానే మీ అమ్మతో "అదిగో, మీ పిన్నొచ్చింది" అంది. ఆ మర్నాడు "మీ అత్తొచ్చింది". నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను దాని తల్లిని" అనబోతే కళ్ళతోనే నోరు మూయించింది. మీ అమ్మ మూతి బిగించుకుని మూలకి పోయేది. పది పదిహేను రోజులు అలాగే. ఓ రోజు "మీ నాయనమ్మొచ్చిందే" అంది చూడూ, మీ అమ్మ కాలు నేలకేసి కొట్టి, "కాదు! అమ్మ! మా అమ్మ!" అంది. నేను ఒక్క అంగలో పోయి దాన్ని ఎత్తేసుకున్నాను. ఆవిడేమో తాపీగా, "ఓహో, అమ్మా? నాకు తెలీదే!" అంటుంది. తర్వాత అడిగితే, "అన్నీ తెలిసినవాళ్ళ ముందు పిల్లలెందుకు నోరు విప్పుతారమ్మా" అంది. హాస్టలు ఊసు మీ తాత మళ్ళీ ఎత్తితే ఒట్టు.

ముసలితనంలో ఆవిడకి మతిమరుపొచ్చింది. మొదట్లో ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది చెప్పు? చెంచాని దువ్వెనంటే పిల్లలు ఎప్పట్లాగే నవ్వేవాళ్ళు. ఓ పొద్దున బడి తాళంచెవితో పక్కింటి తలుపు తీయబోయింది. పిల్లలు నవ్వారు. ఆవిడ ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది మాకు. నా అన్నవాళ్ళెవరూ లేరాయె, మీ అమ్మే రోజూ పని నుంచి వస్తూ వెళ్ళి తినిపించేది. "ఇది చెంచా టీచర్, ఇది దిండు టీచర్" అని విసుగు లేకుండా చెప్పేది. మీ అమ్మ సంగతి తెలుసుగా, ఎవరు తప్పు మాట్లాడినా దిద్దందే ఊరుకోదు. చివర్లో ఓసారి నేనూ దాని వెంట వెళ్ళాను. గుమ్మంలో మీ అమ్మని చూడగానే ఆవిడ మొహం చేటంతయింది. "మా అమ్మొచ్చింది, మా అమ్మొచ్చింది" అని చేతులు చాచింది. దిద్దుతుందేమోనని నేను మీ అమ్మ వంక చూశాను.

"ఆ... వచ్చానమ్మా" అంది మీ అమ్మ.

చాల్లే, పొద్దుపోయింది. ఆ ముక్కలన్నీ ఎత్తేసి ముందు తిను పో.