ఆది జాకెట్టుకి గ్రేస్ మార్కులు

"తాతా, కంప్యూటర్ వచ్చాక మన కుట్టుకొట్టు పెరిగిందా, కొట్టు పెరిగాక కంప్యూటర్ వచ్చిందా?"

ఏటి ప్రశ్న వేసీసావే ప్రియా! ముందు కూర్చో. మీ మామ్మ లోపల పడుకుంది, నెమ్మదిగా చెప్తాను. లేచిందంటే నా నోట మాట రానివ్వదు, అంతా తనే చెప్పీస్తుంది. అందులో నన్ను తెలివితక్కువ వాణ్ణి చేసీస్తుంది. చేసినా తప్పు లేదనుకో.

కొట్టే ముందు పెరిగింది. మొదట్లో మరోదా బస్తీలో మా అద్దింటి వరండాలో మీ మామ్మకి ఒక్క మిషనుండీది, కాలితో తొక్కేది. నేను అవతల పల్లెలో బడిపంతుల్ని. బడిలో హిందీలో లెక్కలు చెప్పీవాణ్ణి, ఇంటికొచ్చి తెలుగులో చీవాట్లు తినీవాణ్ణి. అప్పట్లో జాకెట్టుకి కుట్టుకూలి అయిదు రూపాయలు, లైనింగ్ వేస్తే ఏడు. కాదు కాదు, ఏడున్నర. ఆ అర్ధరూపాయి దగ్గర మా అత్తగారు ఎంత బేరమాడీదో! సొంత కూతురి దగ్గరే. సరే, అది వదిలీ.

నేను రిటైరయ్యే వేళకి ఛత్తీస్‌గఢ్ కొత్తగా వచ్చింది. బడి బోర్డు మీద మధ్యప్రదేశ్‌కి తెల్లరంగు పూయించి కొత్త పేరు రాయించాను, సర్వీసులో నా చివరి పని అదే. రంగు పల్చన. రెండు వానలకి పాత పేరు మళ్ళీ కనిపించింది. అప్పటికి మీ మామ్మ కొట్టు వైశాలి నగర్‌కి వచ్చీసింది. నాలుగు మిషన్లు, ముగ్గురు కుట్టే ఆడపిల్లలు, బట్ట కత్తిరించడానికి దులారి. దులారిది ఇక్కడి ఊరే, ఛత్తీస్‌గఢీ మనిషి. మాట తక్కువ, కత్తెర చురుకు.

అయితే దులారి కత్తెర పట్టాలంటే ముందు మీ మామ్మ సలోమి సుద్దముక్కతో గీత గీయాలి. ప్రతి జాకెట్టుకీ ఆవిడే గీయాలి. అలాంటప్పుడు ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలొచ్చాయి. ఒకదాని తరవాత ఒకటి ఆపరేషన్ చెయ్యాలి, ఒక్కోదానికీ నెల్లాళ్ళు పని ముట్టుకోకూడదు అన్నాడు డాక్టరు. "నెల్లాళ్ళు నేను గీయకపోతే కొట్టు మూసీయడమే. మూసీసిన కొట్టుకి మళ్ళీ ఎవరొస్తారు?" అని మానీసింది. కళ్ళు మసకేసిపోతున్నాయి, ఆపరేషన్‌కి మాత్రం రాదు. అదీ మా బాధ.

అప్పుడు మీ నాన్న ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. వెనక ఇంత బుర్ర ఉండీది దానికి. "నాన్నా, అందరి కొలతలూ ఇందులో పెట్టీయ్. చీటీ ప్రింట్ వస్తుంది, అది చూసి దులారి కత్తిరిస్తుంది. అమ్మ హాయిగా ఆపరేషన్ చేయించుకోవచ్చు" అన్నాడు. సరేనని నేను నేర్చుకోడానికెళ్ళాను. క్లాసులో అందరూ కాలేజీ ఆడపిల్లలు, మధ్యలో నేను. నేర్పే అమ్మాయి వారం రోజులూ నాతో ఒకటే మాట: "అంకుల్, మౌస్ ఎక్కడికీ పారిపోదు, వదలండి."

ఆడవాళ్ళ కొలతలు మగవాడు రాయడమేటి అని నువ్వడగొచ్చు. అందుకే కదా ఆది జాకెట్టు! తెలుసు కదా, కొత్తది కుట్టించుకునేటప్పుడు కొలతకని ఇచ్చే పాత జాకెట్టు. దాన్ని బల్ల మీద పరిచి టేపు పెట్టి ఛాతీ ఎంత, నడుం ఎంత, చెయ్యి ఎంత అని దారప్పోగు తేడా లేకుండా ఎక్కించీవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, తప్పు రానిస్తానా? నేను మనిషి వైపు చూసీవాణ్ణే కాదు, జాకెట్టునే చూసీవాణ్ణి. నాది మర్యాద అనుకున్నాను.

బాగానే ఉండీది మొదట్లో. ఇదివరకు ఒక ఆది కోసం మూటలన్నీ విప్పీవాళ్ళం. ఇప్పుడు పేరు కొడితే చీటీ. దాంతో ధైర్యం వచ్చీసి, చర్చి స్త్రీల సమాజం వాళ్ళవి ముప్ఫై జాకెట్లు ఒప్పీసుకున్నాం. చర్చి వార్షికోత్సవానికి అందరికీ ఒకటే రకం తెల్ల జాకెట్టు, నీలం అంచు. అధ్యక్షురాలు ఎలిజబెత్ గారు, నిండైన మనిషి, అందరి ఆదులూ సంచిలో పెట్టి తనే తెచ్చి ఇచ్చారు. "ఈసారి నువ్వు ముట్టుకోకు, కంప్యూటరే చేస్తుంది" అన్నాను సలోమితో. ముప్ఫై చీటీలు తీశాను. దులారి చీటీ ప్రకారం కత్తిరించింది, పిల్లలు కుట్టారు. ఒక్క తప్పు లేదు, నేనే టేపు పెట్టి చూశాను.

ఆదివారం చర్చిలో... మే నెల, ఫ్యాన్లు ఉన్నా లేనట్టే. ముప్ఫైమంది ఆడవాళ్ళూ పైటలు శాలువాల్లా చుట్టుకుని నిటారుగా కూర్చున్నారు. ఎంత భక్తో అనుకున్నాను. స్తుతి పాటకి అందరూ చేతులెత్తండి అన్నారు పాస్టరు గారు. మగవాళ్ళ వైపు లేచాయి. ఆడవాళ్ళ వైపు ఒక్క చెయ్యి లేవలేదు. పాస్టరు గారు మళ్ళీ చెప్పారు. చివర్న ఎవరో ఒకావిడ ఎత్తబోయారు, ఠప్‌మని ఒక చప్పుడైంది, దించీశారు.

బయటికొచ్చాక ఎలిజబెత్ గారు నా దగ్గరికే వచ్చారు. "మాస్టారూ, మీ కంప్యూటర్ చెడిపోయినట్టుంది."

"లేదమ్మా, మీరిచ్చిన ఆది ప్రకారం దారప్పోగు..." అంటున్నాను, సలోమి నా చెయ్యి గిల్లింది. ఇప్పటికీ చూపించగలను ఎక్కడో.

"చెడిపోయింది వదినా, బిల్కుల్ చెడిపోయింది. అన్నీ పంపీయండి, నేను సరిచేస్తాను" అంది.

ఇంటికొచ్చాక అడిగాను, అంత అబద్ధం ఎందుకు, అదీ చర్చి వాకిట్లో అని.

"ఆవిడిచ్చిన ఆది ఎప్పటిదో తెలుసా? వాళ్ళమ్మాయి పెళ్ళికి కుట్టింది. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఎవరైనా తమకి నచ్చిన ఆదే ఇస్తారు, సరిపోయేది ఇవ్వరు."

"మరి నువ్వెలా కుట్టీదానివి ఇన్నాళ్ళూ?"

"గుమ్మం దాటి వస్తున్నప్పుడు చూస్తాను. ఒక వేలో, రెండు వేళ్ళో వెడల్పు వేసీసి గీస్తాను. ఆది ప్రకారమే కుట్టాను వదినా అంటాను. వాళ్ళు సంతోషంగా ఎల్తారు."

చూడు మరి! ఇన్నేళ్ళు ఒకింట్లో ఉండి నాకు తెలీదు. దులారి అలవాటు కొద్దీ లోపల కుట్టుకి బట్ట ఎక్కువ వదిలింది కాబట్టి బతికిపోయాం. సలోమి ఆ మసక కళ్ళతోనే వారం రోజులు ముప్ఫై జాకెట్లూ విప్పి కుట్టింది. "చూశారా, నేను మంచాన పడితే ఆ వేళ్ళెవరు వేస్తారు?" అంది.

సరే, ఆ వేళ్ళే రాసీద్దాం అన్నాను. అది రాసే విషయమేటి అంది. పట్టు వదలకుండా రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టి ఒక్కో పేరూ చదివీవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ మనిషిని తలుచుకుని "ఒకటి", "ఒకటిన్నర", "ఈవిడకి రెండు, చెయ్యి దగ్గర ఇంకో అర" అనీది. దులారి కూడా పని ఆపి విండీది. ఆ అంకెలకి ఒక కాలమ్ పెట్టాలి, దానికి పేరు కావాలి. 'గ్రేస్ మార్కులు' అని పెట్టాను. సర్వీసులో ఒక్కడికి ఒక్క గ్రేస్ మార్కు వెయ్యని వాణ్ణి, అందరికీ వేసీశాను. ఎలిజబెత్ గారికి రెండు. చీటీలు రెండు రకాలు చేశాను. కస్టమర్ చీటీలో ఆది కొలత, దులారి చీటీలో కలిపిన కొలత. ఒకే మనిషికి రెండు అంకెలు! లెక్కల మాస్టారు చేసిన పనమ్మా ఇది.

అప్పుడు ఒప్పుకుంది, ఒక్క కంటికి. రెండోదాని మాట ఎత్తొద్దు, ముందు ఈ నెల కొట్టు నిలబడనీ అంది.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు ఎలిజబెత్ గారొచ్చారు, అదే ఆది తీసుకుని. చాలా రోజులకి చూశాను ఆవిణ్ణి. షుగర్ ఎక్కువై ఆస్పత్రిలో ఉండి వచ్చారని చెప్పారు. నేను పేరు కొట్టాను, చీటీ తీశాను, దులారికిచ్చాను. చీటీ చూసింది, గుమ్మం వైపు చూసింది, కత్తెర మాత్రం తియ్యలేదు. నా దగ్గరికొచ్చి గుసగుసగా "మాస్టర్‌జీ, యే నాప్ గలత్ హై" అంది. ఈ కొలత తప్పంటోంది.

కంప్యూటర్ తప్పు చెయ్యదు దులారీ అనబోయి ఆగాను. చర్చిలో లేవని చేతులు గుర్తొచ్చాయి. అప్పుడు తలెత్తి ఎలిజబెత్ గారిని చూశాను. పైట కింద మనిషే లేదు. సగమైపోయారు. దులారి నా కీబోర్డు పక్కన రెండు వేళ్ళు చాపింది, నెమ్మదిగా రెండూ ముడిచీసింది. గ్రేస్ మార్కులు సున్నా చేశాను.

ఆవిడ దగ్గరికెళ్ళి దులారి, "ఆది ప్రకారమే కుడతాం దీదీ" అంది, తనకొచ్చిన కాస్త తెలుగులో.

"అవునమ్మా, నాకు ఎప్పుడూ ఆదే సరిపోతుంది" అన్నారు ఎలిజబెత్ గారు. సరిపోయింది కూడా.

ఇంటికెళ్ళి చెప్పాను. సలోమి కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద ఉంది. ఒకటే అడిగింది: "మీరు చెప్పారా దులారికి, అదే చూసిందా?"

"అదే చూసింది. నేను చీటీ చూస్తున్నాను."

కంటి మీది గుడ్డ సర్దుకుంది. తరవాత, "రెండో కంటికి ఎప్పుడు రమ్మన్నాడు డాక్టరు?" అంది.

మర్నాడే వెళ్ళి రాయించుకొచ్చాను. ఆ తరవాతే రుఆబాంధా పేటలో రెండో కొట్టు పెట్టాం, దులారి చూసుకునీది... అదో, మీ మామ్మ లేచినట్టుంది. నేను చెప్పానని చెప్పకు. దేవుడు నీ కళ్ళు చల్లగా ఉంచాలి తల్లీ. ఆ ఫోను కాస్త దూరంగా పెట్టుకుని చూడు.