కాసాయ్ ఏటికి ఎర్రజెండా

"ఏరా ఏరా, ఎందాక ఎల్తావు, ఎర్రమట్టి కడుక్కుని ఎందాక ఎల్తావు... గట్టుమీది గువ్వకి... గువ్వకి..." ఆ, గువ్వకి ఏటో ఇస్తాది. గాజులో, గంధమో. మరిసిపోనాను. మా అమ్మ బట్టలుతుకుతూ పాడీది. తరవాత ముక్క మా ఎర్రయ్య అన్నయ్యకే తెలుసు.

తిను ఆశ్రితా, ఇంకో ఇడ్లీ ఎయ్యనా? పచ్చడి బాగుందా? కొత్తిమీర మన వరండాలో కుండలోదే. ఆ కుండ మెడకి పసుపు దారమేటంటావా? సెప్తాను, ఉండు. ముందు నువ్వు సెప్పు, మీ కాలేజీలో ఏరు శుభ్రం సేసే మిషను కడతన్నారన్నావు కదా, దానికి సేతులుంటాయా? లేవా? మరి ఎలాగే తల్లీ! మా అన్నయ్య దగ్గర మిషను లేదు గాని ఈల ఉండీది.

అన్నయ్య నిమ్‌పురా రైల్వే యార్డులో బ్రేక్‌డౌన్ గ్యాంగు మేస్త్రీ. పట్టాలు తప్పిన పెట్టెల్ని జాకీలెట్టి లేపడం తన పని. ఇంట్లోనూ అంతే. పిల్లడు మంచం మీంచి పడితే "ఎవరూ ముట్టుకోకండి!" అనరిసి, సుట్టూ తిరిగి, వంగి సూసి, అప్పుడు లేపడానికొచ్చీవాడు. ఈలోగా పిల్లడు లేసి ఈదిలోకి పారిపోయీవాడు.

తను రిటైరైన ఏడాదే మా అమ్మ పోనాది. విశ్వకర్మ పూజ అప్పుడే అయినాది. అస్తికలు కుండలో ఎట్టుకుని కాసాయ్ ఏటికి ఎల్లినాం. ఏరేటమ్మా అది! ఊరూ ఊరూ సేసిన పూజలన్నీ ఆ రేవులోనే సేరినాయి. గడ్డి, ఎదురు కర్రలు, పాలితీను సంచులు, థర్మాకోలు కిరీటాలు. అన్నయ్య కుండ వదిలినాడు. రవ్వంత ఎల్లి ఆగిపోనాది. కర్రెట్టి తోస్తే మల్లీ మా దగ్గరకే ఒచ్చినాది. సిరిల్ అని తన గ్యాంగు నేస్తం, వంగి సూసి, "మేస్త్రీ, ఏనుగు తొండం అడ్డం" అన్నాడు. ఎవరి ఏనుగనుకున్నావు? మన వర్క్‌షాపు విశ్వకర్మ బొమ్మ ఎక్కి కూకున్న ఏనుగే! నిమజ్జనం నాడు బ్యాండు మేళం ముందు లుంగీ ఎగ్గట్టి చిందులేసి, అన్నయ్యే దాన్ని నీల్లోకి తోసినాడు. ఆ తొండంలో ఇరుక్కుని మా అమ్మ కుండ గిరగిరా తిరుగుతాంది. అమ్మకి బతికినన్నాల్లూ రంగులరాట్నం ఎక్కాలని ఉండీది, ఎవరూ ఎక్కించలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే ఒచ్చినాయి. అన్నయ్య మటుకు మొలలోతు నీల్లో నిలబడిపోయి, "అమ్మ లైను నానే బ్లాకు సేసినాను, అమ్మీ" అన్నాడు. ఆకరికి సిరిల్ ఈదుకుంటూ ఎల్లి, కుండ పగలగొట్టి, అమ్మని వదిలినాడు. అన్నయ్య ఇంటికొచ్చినా అన్నం ముట్టలేదు. ఆ ఏరు పారితే గాని తన మనసు కుదుటపడదన్నమాట.

మర్నాడే పాత గ్యాంగంతా దిగినారు. తాల్లు, కొక్కేలు, ఎర్రజెండా, పచ్చజెండా. "జోర్ లగాకే... హైసా!" తానానికొచ్చిన బెంగాలీ బాబులు "దాదా, ఏక్సిడెంట్ నాకీ?" అని, ఏక్సిడెంటయినాదా అని అడిగితే, "హా, నదీ పట్రీ సే ఉతర్ గయా" అన్నాడు అన్నయ్య, ఏరే పట్టాలు తప్పీసినాదని. పాపం, ఆల్లు నిజంగానే పట్టాలు ఎతికినారు.

మొదటి లాగుడికి ఎవరొచ్చినారనుకున్నావు? తల లేని అమ్మోరు. మట్టంతా కరిగిపోయి, గడ్డి తేలి, సేతులు మాత్రం సాపుకునుంది. చిట్టెమ్మ వదిన, అదే, అన్నయ్య పెల్లాం, అప్పుడే క్యారేజీ తెచ్చినాది. సూసి క్యారేజీ వదిలీసినాది. "ఓలమ్మో, నీల్లోంచి అమ్మోరు లేసినాది!" మీ కరీంనగరం ఏపు ఎలాగో నాకు తెల్దు గాని, మా ఏపు నీల్లోంచి అమ్మోరొస్తే మనింటికి సుట్టమొచ్చినట్టే. కాల్లు కడగాల, పసుపెట్టాల, పసుపు దారం కట్టాల, కోకెట్టాల. "పారీడానికే కదే తీసినాను!" అంటాడు అన్నయ్య. "పారీ, సూస్తాను! ఒళ్ళంతా పొక్కులొస్తే నన్ను పిలవకు!" అంటాది వదిన. ఇంకేటి సేస్తాడు? తోపుడు బండి మీద కూకోబెట్టి కోర్టర్సుకి తెచ్చినాడు. దారంతా జనం దండాలెట్టినారు. ముందు నడిసిన సిరిల్ కిరస్తానీవోడు, ఆడికీ ఎవరో బొట్టెట్టీసినారు.

అలా రోజూ ఎవరో ఒకరు. పెరడంతా అమ్మోర్లే. వదిన కోకలన్నీ ఆల్లకే సరిపోనాయి. పక్క కోర్టరు సత్యవాణి గోడ మీంచి సూసి, "ఏటి వదినా, ఫంక్షనా? అంతమంది ఆడోల్లు ఒక్క మాటయినా ఆడరేటి?" అంది. తలకాయలుంటే కదా! 

అప్పుడేటయినాదంటే, పాలోడి ఆవు పెరట్లోకొచ్చి ఒక అమ్మోరి కాలు తినీసినాది. వదిన ఏడిసినాది, తిట్టినాది, సీపురట్టుకున్నాది. మల్లీ ఆవు మొగం సూసి, "ఆకలని ఎల్తే తన కాలే ఇచ్చినాది, ఎంత సల్లని తల్లి" అనీసి సీపురు దించీసినాది. ఆరోజు మొదలు గడ్డంతా కడిగి ఆరబెట్టి ఆవుకే. మిగిలిన ఎదురు కర్రల సట్రాల కోసం ఖరిదా పేట నించి బొమ్మలు సేసే పాల్ దాదా ఒచ్చినాడు. "నాకియ్యి దీదీ, మల్లీ వీటి మీదే కడతాను" అన్నాడు. వదిన తలుపుకడ్డంగా నిలబడి, "పిల్లనడగడానికి ఒట్టి సేతుల్తో ఒస్తారేటి?" అంది. పాపం, మల్లీ ఎల్లి రసగుల్లాల కుండతో ఒచ్చినాడు. ఒక్కో సట్రానికీ గాజులు తొడిగి, కన్నీల్లెట్టుకుని సాగనంపినాది.

మరుసటేడు పూజ పందిట్లో వదిన నిలబడి, "అదిగో మా పిల్ల! ఎడం కాలు వంకర, సూడండి!" అనరిసినాది. కమిటీవోల్లు గొల్లుమన్నారు. నిమజ్జనం నాడు ఇంకా వింత. కూతురు ఆ బురదలో ఒక్క పూటయినా ఉండకూడదంట. ముంచినోల్లు బ్యాండుతో ఎనక్కి తిరిగీలోగా అన్నయ్య గ్యాంగు పైకి లాగీసీది. రేవులో తెలుగులో బోర్డు కూడా కట్టినాడు. నాకప్పుడు సదువు రాదు. మా మనవరాలు అచ్చరాలు నేర్పినాక నాను మొదట కూడబలుక్కుని సదివింది అదే: "దేముల్లు ఇచట ఆగి పోవలెను."

వర్క్‌షాపు విశ్వకర్మ లారీకీ ఎర్రజెండా సూపించినాడు, సూసుకో! లారీలో ఉన్నది తన సొంత గ్యాంగులో ఇప్పుడు పని సేస్తన్న కుర్రోల్లే. "మేస్త్రీకి మతి పోనాది" అని ఈలలేసినారు. తను అంతకన్నా గట్టి ఈలేసినాడు. "దండలూ పాలితీనూ ఇక్కడ దింపండి! ఏనుక్కి తాడు కట్టి ముంచండి, తాడు వదిలినోడు ఎనకాలే ఎల్తాడు!" అన్నాడు. సంటిపిల్లకి తానం సేయించినట్టు ఏనుగుని ముంచి తీసినారు. నవ్వుకున్నారు గాని, తీసినారు.

ఓనాటి పొద్దున్న నన్ను తీసుకెల్లి ఆ రేవులో ఒక బంతిపువ్వు వదిలినాడు, అమ్మ పేరు సెప్పి. ఆగలేదమ్మా. తిన్నగా ఎల్లిపోనాది. కనపడినంత దూరం పచ్చజెండా ఊపుతానే ఉన్నాడు.

ఆకర్న అన్నయ్య రైల్వే ఆస్పత్రిలో ఉంటే పక్కన కూకుని, ఆ గువ్వకి ఏటిస్తాదన్నయ్యా, పాటలో, అని అడుగుదామనుకున్నాను. అడగనిచ్చినాడా? నా సెయ్యి పట్టుకుని, మేస్త్రీ గొంతెట్టి, "అమ్మీ, నన్ను ఏట్లో ఒంపీండి. కుండ మాత్రం ఇసరకండి. ఇంటికి తెచ్చి, కడిగి, కొత్తిమీర ఎయ్యి" అన్నాడు.