నీలం ఫైలులో పేజీలు

శరణార్థులుగా వచ్చిన పరాయి దేశంలో, డాండెనాంగ్‌లో అద్దె ఇంటి వంటగది. పెనం ముందు సెదీఖా. తలుపు దగ్గర ఆమె కూతురు, పదిహేనేళ్ళ మర్జియా.

“ఇవాళ కూడా బడి మానితే మన వీసా కాగితాలు ఆపేస్తారేమోనే తల్లీ! నాకు గుండె దడగా ఉంది.”

“నీకెప్పుడు దడ లేదు గనక? ఏమీ ఆపరమ్మా.”

“పది రోజులైంది. పొద్దున్న బడివాళ్ళు ఫోన్ చేశారు. దుబాసీ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అంత మర్యాదగా మాట్లాడితేనే నాకు భయం.”

“ఆ హెలెన్ మిస్ పాఠం చెప్పిన గదిలోకి నేను అడుగు పెట్టను.”

“మొన్నటిదాకా లేస్తే హెలెన్ మిస్, కూర్చుంటే హెలెన్ మిస్! ఇంగ్లీషులో నీ నోరు తెరిపించింది ఆవిడే కదే?”

“మూయించిందీ ఆవిడే. ‘ఇంగ్లీషు రాకపోతే ఏం, ముందు మీ భాషలో రాసుకో, నీలం ఫైలులో పెట్టుకో, నువ్వు చెప్పేదాకా ఎవరూ తెరవరు’ అంది. నమ్మాను. తమ్ముడు యాసీన్ సంగతి రాశాను.”

“బోలానీ రొట్టె చల్లారిపోతోంది. తిను.”

“సరిహద్దు గేటు దగ్గర, ఆ తోపులాటలో తమ్ముడి చెయ్యి నేనే వదిలేశానని రాశాను. జారిపోలేదమ్మా, వదిలేశాను. నీక్కూడా ఎప్పుడూ చెప్పలేదు.”

“ఇప్పుడెందుకే అదంతా...”

“ఆ గురువారం మనవాళ్ళ దువా ప్రార్థనకి వెళ్తే ఆడవాళ్ళంతా నన్ను వాటేసుకుని, ‘నీ తప్పు కాదు, చిన్నపిల్లవి’ అని ఏడ్చారు. ఒక్కరు కాదు, అందరూ! వాళ్ళకెలా తెలుస్తుంది?”

“దేవుడికే తెలియాలి. పెద్దవాళ్ళు కదా, నీ మంచికే...”

“మంచా? మిస్ నన్ను అమ్మేసింది. అనువాదానికని గుల్‌బీబీ ఖాలాకి ఇచ్చుంటుంది. బడిలో మనవాళ్ళ పిల్లల పక్కన కూర్చుని పాఠం మన భాషలో చెప్పేది ఖాలాయేగా! ఆమె నోటికి తలుపుల్లేవు.”

“గుల్‌బీబీని అనకు. మనకెంత చేసింది!”

“ఆమెను అనడం లేదు. మాటిచ్చింది మిస్. అడిగితే ‘నేనివ్వలేదు’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నటన!”

“నిజమే చెప్పిందేమో...”

“నీకేం తెలుసు? నిన్న ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. దుబాసీ కూడా లేకుండా, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే.”

“ఎంత పని చేశావే!”

“విచారణ తేలేదాకా మిస్‌ని బడికి రావద్దన్నారట. సాయంత్రం బడివాళ్ళు మనింటికి వస్తున్నారు. నువ్వూ సాక్ష్యం చెప్పాలి.”

“నేనా?”

“ఊఁ. ఆ పేజీలు బయటికెలా పోయాయో నీకు తెలిసినంత చెప్పమంటారు. చెప్తావుగా? ... అమ్మా? ఏంటలా నిలబడ్డావు? పెనం మీద మాడుతోంది, తియ్యి. అమ్మా! వాళ్ళకేం చెప్తావు?”

“పెనం దించేశాను. ఇలా వచ్చి కూర్చో.”

“అమ్మా, నాకు భయమేస్తోంది.”

“హెలెన్ మిస్ ఎవరికీ ఇవ్వలేదు, మర్జియా. నిద్రలో నువ్వు ఏడుస్తుంటే, అడిగినా చెప్పకపోతే, ఏం రాస్తున్నావో చూడాలని గుల్‌బీబీ కాళ్ళావేళ్ళా పడి నీ ఫైలులో పేజీలకి ఫోటోలు తీయించి తెప్పించుకున్నాను. చదివి చెప్పమంటే ఆమె తనవల్ల కాదంది. నాకేమో అక్షరం రాదు. అందుకని దువాకి పట్టుకెళ్ళి, అక్కడ ఆడవాళ్ళ చేత చదివించుకున్నాను.”