పత్తికట్టె అంటించింది నేనే

నా పేరు రెబ్కా. భర్త జక్రయ్య, చనిపోయారు. వయసు నలభై ఆరు. నడిమిపాడులో ఎకరంన్నర కౌలుకి చేస్తాను, కూలికీ వెళ్తాను. పిలవకుండా నేనే స్టేషనుకి వచ్చి ఎస్సై గారికి చెప్తున్నాను.

మా పిల్ల లిడియాకి ఇరవై రెండేళ్లు. పంచాయతీ సర్వే కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. చేలల్లో పత్తికట్టె తగలబెడితే ఆ పొగకి భూమి వేడెక్కుతుందంట. పంచాయతీ ఆపిస్తానంటోంది, మీరేమంటారు అని అడిగేది. మా మరిది ఫిలిప్, "వేడి సంగతి మాకు చెప్తావేంటే, మిరప కోతకి ఒక్క పూట రా" అని నవ్వాడు. నవ్వి, సమ్మతమే రాసుకో అన్నాడు. కట్టె నలిపే మిషను పంపుతామన్నారు కదా, అందరూ సమ్మతమే అన్నారు. నా వేలు మా పిల్లే పట్టుకుని సిరా అద్ది వేయించింది.

మిషను రాలేదు. గురువారం కాలవ నీళ్లు మా వంతు. ఈలోపు చేను ఖాళీ చేసి నువ్వులు చల్లాలి.

"రెండ్రోజులు ఆగమ్మా, మిషను కోసం మళ్లీ అడుగుతా" అంది మా పిల్ల.

"నువ్వు ఆగమంటే కాలవ ఆగుద్దా" అన్నాను. అదే ఆఖరు మాట.

జనవరి 28 మంగళవారం పగలు ఒంటిగంటన్నరకి, పంచాయతీ వాళ్లు అన్నాలకి లేచే వేళ చూసుకుని అంటించాను. గాలి తిరిగి పొగ రోడ్డు మీద పడింది. ఆ పొగలో మా పిల్ల స్కూటీ వినపడింది. నాకు అన్నం తెస్తోంది. తర్వాత లారీ. పిల్ల పోయింది. క్యారేజీ మూత కూడా ఊడలేదు.

లారీ డ్రైవరు కరీముల్లా దుడుకుగా తోలాడనీ, పొగ ఎవరిదో తెలియదనీ మా ఊరోళ్లు చెప్పారంట. నా కోసం అలా చెప్పారు. అతను లైట్లు వేసుకుని మెల్లగానే వచ్చాడు. పిల్లని చేతుల మీద ఎత్తింది అతనే. అతన్ని వదిలేయండి.

"కేసు నీ మీదకొస్తుందమ్మా" అన్నారు ఎస్సై గారు. రాయండి అన్నాను.

బుధవారం పిల్లని పూడ్చి వస్తుంటే ఫిలిప్ చేలో పొగ లేస్తోంది. ఊళ్లో నూటికి నూరు మంది సమ్మతమని పంచాయతీ గోడకి కాగితం అంటించారు. అందులో నాదీ ఉంది. క్యారేజీ నేనింకా తెరవలేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించలేదు. ఆ కాగితం మీద వేసిన వేలే దీని మీదా వేస్తున్నాను. దీంట్లో అబద్ధం లేదు. వేలు పట్టుకోడానికి పిల్ల లేదు, నేనే వేస్తున్నాను.

రెబ్కా, ఎడమ బొటనవేలి ముద్ర