కోళ్ల గూట్లో పరిచిన సంచి

ఏళాయిరంపన్నైలో కోడలు పటాసుల ఫ్యాక్టరీ వ్యాను దిగి పెరట్లోకి వచ్చేసరికి, అత్త కోళ్ల గూడు కడుగుతోంది.

“ఏందత్తా, నల్లపెట్ట నోరు తెరిచి గురగురమంటా ఉండాది?”

“అన్నీ అట్లే ఉండాయమ్మా. ఉల్లిపాయ, పసుపు నూరి పెట్టినా తగ్గలా. పశువుల డాక్టరు వచ్చి, గూట్లో పరిచిన సంచి ఎక్కడిదని అరిచినాడు.”

“ఏ సంచి?”

“నువ్వు ఫ్యాక్టరీలో పారేసేవని తెచ్చినావే, అదే. దాన్నిండా పటాసుల మందేనంట. ఆ దుమ్ముకే ఊపిరాడలేదంట.”

“అయ్యో! కట్టెలు మోసేదానికి కదా తెచ్చింది! రెండు తెచ్చినానే, ఇంకోటేదీ?”

“బాగా దులిపే వేసినానమ్మా...”

“ఎక్కడ?”

“వానకు నేల చెమ్మగా ఉండాదని... నీ పాప పక్కబట్టల కింద. పొద్దున్నుంచి దగ్గతా ఉంటే జలుబనుకుంటి.”